ఆగిన మోటారే కాలుతుంది: బ్యాక్ ఈఎంఎఫ్ గురించి ఒక ప్రసంగం

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక గ్రంథాలయ మందిరంలో, విద్యార్థులు, ఉపాధ్యాయులు, సాంకేతిక సిబ్బంది పాల్గొన్న సాయంకాలపు సభలో విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ముందుగా ఈ బల్ల మీద ఉన్న సామాను చూడండి. 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, చిన్న డీసీ మోటారు ఒకటి, స్కూటరు ఇండికేటరులో వాడే బల్బు ఒకటి ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకదాని వెనుక ఒకటిగా, అంటే శ్రేణిలో కలిపాను. స్విచ్ వేస్తున్నాను. మోటారు తిరుగుతున్నది, కానీ బల్బు వెలగడం లేదు. దగ్గరికి వచ్చి చూస్తే ఫిలమెంటు కాస్త ఎర్రబడినట్టు కనబడుతుందేమో. ఇప్పుడు మోటారు ఇరుసును రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుంటున్నాను. బల్బు వెలిగింది. వదిలితే మళ్లీ ఆరిపోయింది. బ్యాటరీ మారలేదు, తీగలు మారలేదు, స్విచ్ ముట్టుకోలేదు. మారింది ఒక్కటే: మోటారు తిరుగుతున్నదా, లేదా అన్నది. తిరుగుతున్న మోటారు తన గుండా ఎక్కువ కరెంటు పోనివ్వడం లేదు, ఆగిన మోటారు ధారాళంగా పోనిస్తున్నది. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేదంతా ఈ బల్బు గురించే అనుకోవచ్చు.

కిందటి వేసవిలో మేముంటున్న అపార్ట్‌మెంటులో సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారు కాలిపోయింది. రీవైండింగు చేయించడానికి గాజువాక ఆటోనగర్‌లో ఒక దుకాణానికి పట్టుకెళ్లాను. అక్కడి పెద్ద మెకానిక్ పంపు విప్పి, ఇంపెల్లరుకు, అంటే నీళ్లను తోసే చక్రానికి, చుట్టుకున్న గుడ్డపీలికను బయటికి లాగి నా చేతిలో పెట్టి, "తిరిగే మోటారు కాలదు మాస్టారూ, ఆగిపోయిన మోటారే కాల్తాది" అన్నాడు. ముప్ఫై ఏళ్లకు పైగా నేను నల్లబల్ల మీద సమీకరణాలతో చెప్పిన పాఠాన్ని ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశాడు. మితిమీరిన బరువు మోస్తే తిరిగే మోటారూ కాలుతుంది గనుక ఆ వాక్యానికి చిన్న సవరణ అవసరమే. అయినా ఆయన చెప్పినదాని సారం నూటికి నూరుపాళ్లు నిజం. కరెంటు మోటారును కాపాడేది దాని పైతొడుగు కాదు, ఫ్యూజు అంతకన్నా కాదు, దాని తిరుగుడే. తిరిగేటప్పుడు దానిలోపల పుట్టే వోల్టేజీయే దానికి రక్ష.

ఆ వోల్టేజీ పేరే బ్యాక్ ఈఎంఎఫ్. పుస్తకభాషలో వ్యతిరేక విద్యుచ్చాలక బలం అంటాం. ఈ పేరులో రెండు పొరపాట్లకు తావుంది. మొదటిది, 'బలం' అన్న మాట. విద్యుచ్చాలక బలం న్యూటన్లలో కొలిచే బలం కాదు. ఒక కూలుంబు ఆవేశం వలయాన్ని చుట్టివచ్చేలోగా దానికి ఎన్ని జౌళ్ల శక్తి అందుతుందో చెప్పే సంఖ్య, కాబట్టి వోల్టులలో కొలుస్తాం. రెండవది, ఇంకా పెద్దది, 'వ్యతిరేక' అన్న మాట. అది వినగానే పిల్లలు దాన్ని ఒక అడ్డంకిగా, నష్టంగా, యంత్రం తయారుచేసినవాడు వదిలించుకోలేకపోయిన ఒక లోపంగా భావిస్తారు. "బ్యాక్ ఈఎంఎఫ్ లేకుండా మోటారు తయారుచేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది కదా సార్" అని నన్ను అడిగిన విద్యార్థులు చాలామందే ఉన్నారు. అలాంటి మోటారు తయారైతే దాన్ని నీళ్లు కాచుకోవడానికి వాడుకోవలసి వస్తుంది, ఎందుకంటే అది హీటరు అవుతుంది తప్ప మోటారు కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1820లో ఆయర్‌స్టెడ్ కరెంటు పోతున్న తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. కరెంటు నుంచి అయస్కాంతత్వం వస్తున్నప్పుడు అయస్కాంతత్వం నుంచి కరెంటు ఎందుకు రాదన్న ప్రశ్న అప్పటి నుంచి యూరప్‌లో చాలామందిని వేధించింది. జెనీవాలో కొలడాన్ అనే ఆయన 1825లో చేసిన ప్రయత్నం గురించి చెప్పే కథ నాకు చాలా ఇష్టం. ఆయన పెద్ద తీగచుట్టలోకి బలమైన అయస్కాంతాన్ని దించి, కరెంటు పుడుతుందేమో చూడాలనుకున్నాడు. అయస్కాంతం దగ్గరగా ఉంటే గాల్వనామీటరు ముల్లు దానివల్లనే కదిలి తనను మోసం చేస్తుందని, జాగ్రత్త కొద్దీ ఆ మీటరును పొడవైన తీగలతో పక్క గదిలో పెట్టాడు. అయస్కాంతాన్ని చుట్టలోకి దించి, పక్క గదికి నడిచి వెళ్లి చూశాడు. ముల్లు సున్నా దగ్గర నిశ్చలంగా ఉంది. ఆయన ఈ గదిలో అయస్కాంతాన్ని దించుతున్న క్షణంలో ఆ గదిలో ముల్లు కదిలే ఉంటుంది. ఆయన నడిచి వెళ్లేసరికి మళ్లీ యథాస్థానానికి వచ్చేసింది. ఒక సహాయకుణ్ణి పక్క గదిలో కూర్చోబెట్టి ఉంటే ఈ రోజు మనం ఆయన పేరు మీద నియమాన్ని చదువుకునేవాళ్లమేమో.

ఆయనతో పాటు అందరూ వెతికింది స్థిరమైన అయస్కాంతం వల్ల కలిగే స్థిరమైన ఫలితం కోసం. లండన్‌లో ఫారడే కూడా మొదట అలాగే వెతికి విఫలమయ్యాడు. 1831 ఆగస్టు 29న ఆయన ఒక ఇనుప వలయానికి రెండు వైపులా రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ, మరొకదాని తీగ దగ్గర అయస్కాంత సూచి పెట్టాడు. బ్యాటరీ కలిపిన క్షణంలో సూచి ఒక పక్కకు కదిలి మళ్లీ నిలబడింది. కరెంటు హాయిగా ప్రవహిస్తున్నంతసేపూ అది చలించలేదు. బ్యాటరీ తీసేసిన క్షణంలో రెండో పక్కకు కదిలింది. అక్టోబరు 17న తీగచుట్టలోకి అయస్కాంతపు కడ్డీని దూర్చి, లాగి, అదే ఫలితాన్ని చూశాడు. అప్పటికి విషయం తేలిపోయింది. అయస్కాంతం ఉండటం వల్ల కరెంటు పుట్టదు, తీగచుట్ట గుండా పోయే అయస్కాంత క్షేత్రపు మొత్తం, అంటే అయస్కాంత అభివాహం, మారడం వల్ల పుడుతుంది. ఎంత వేగంగా మారితే అంత వోల్టేజీ. చుట్లు ఎన్ని ఉంటే అన్ని రెట్లు. విద్యుదయస్కాంత ప్రేరణ నియమం అంటే ఇంతే, మిగిలినదంతా దీని వివరణే.

ఆ పుట్టిన కరెంటు ఏ దిశలో పోతుందన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం చెప్పినవాడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన లెంజ్. 1834లో ఆయన చెప్పిన మాట ఇది: ప్రేరిత విద్యుత్తు ఏ మార్పు వల్ల పుట్టిందో ఆ మార్పునే అడ్డుకునే దిశలో ప్రవహిస్తుంది. దీన్ని చూపడానికి ఒక మీటరు పొడవున్న రెండు గొట్టాలు తెచ్చాను. ఒకటి పీవీసీ గొట్టం, రెండోది మందమైన రాగి గొట్టం. ఈ చిన్న నియోడిమియం అయస్కాంతాన్ని పీవీసీ గొట్టంలో వేస్తున్నాను. అర సెకను కూడా పట్టలేదు, కింద పడింది. రాగి గొట్టంలో వేస్తున్నాను... మీరు మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి... ఇదిగో, ఇప్పటికి వచ్చింది. రాగికి అయస్కాంతం అంటుకోదని మీకందరికీ తెలుసు. అయినా అయస్కాంతం దిగుతూ ఉంటే గొట్టం గోడలో అభివాహం మారి, గుండ్రంగా కరెంట్లు పుట్టి, అవి తామే అయస్కాంతాలై, పడేదాన్ని పైనుంచి లాగుతూ కిందినుంచి నెడుతూ ఆపుతున్నాయి. పూర్తిగా ఆపలేవు, ఎందుకంటే ఆగిపోతే మార్పు ఉండదు, మార్పు లేకపోతే ఆ కరెంట్లూ ఉండవు.

లెంజ్ నియమం దిశ గుర్తుంచుకోవడానికి పెట్టుకున్న సూత్రం మాత్రమే కాదు. ఒక్కసారి అది తలకిందులైందని ఊహించండి. పడుతున్న అయస్కాంతాన్ని ఆ కరెంట్లు ఆపడానికి బదులు ఇంకా కిందికి తోస్తాయి, వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే కరెంట్లు పెరుగుతాయి, అవి ఇంకా తోస్తాయి. ఖర్చు లేకుండా వేడీ వేగమూ రెండూ పెరిగిపోతాయి. అది ఏ లోకంలోనైనా జరుగుతుందేమో గాని శక్తి నిత్యత్వ నియమం ఉన్న మన లోకంలో జరగదు. ప్రేరణ నియమపు సమీకరణంలో మనం అలవాటుగా పెట్టే ఋణగుర్తు లోపల ఉన్నది ఈ లెక్కే.

ఇప్పుడు మోటారు దగ్గరికి వద్దాం. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్టకు బయటినుంచి కరెంటు ఇస్తే దాని మీద బలం పనిచేసి అది తిరుగుతుంది. ఇక్కడితో పాఠం ముగిసిందనుకుంటాం. కానీ ఆ తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో తిరుగుతున్నది కదా? తిరిగే తీగచుట్ట గుండా అభివాహం మారుతూనే ఉంటుంది కదా? అలాంటప్పుడు దాంట్లో వోల్టేజీ పుట్టి తీరాలి. ఆ తీగచుట్టకు తనను తిప్పుతున్నది బ్యాటరీయా, ఆవిరి టర్బైనా, మనిషి చెయ్యా అన్న విచక్షణ లేదు. తిప్పితే పుట్టిస్తుంది. అంటే తిరుగుతున్న ప్రతి మోటారూ అదే సమయంలో ఒక జనరేటరు కూడా; అది పుట్టించే వోల్టేజీ, లెంజ్ చెప్పినట్టే, తనను తిప్పుతున్న కరెంటుకు ఎదురుగా ఉంటుంది. బ్యాక్ ఈఎంఎఫ్ అన్నది ఈ ఎదురు వోల్టేజీయే.

ఒక లెక్క చేద్దాం. 230 వోల్టుల డీసీ మోటారు, దాని ఆర్మేచరు, అంటే తిరిగే తీగచుట్ట, నిరోధం 0.5 ఓమ్ అనుకోండి. స్విచ్ వేసిన మొదటి క్షణంలో ఆర్మేచరు ఇంకా కదలలేదు, ఎదురు వోల్టేజీ లేదు. ఓమ్ నియమం ప్రకారం 230ని 0.5తో భాగిస్తే 460 ఆంపియర్లు. అదే మోటారు మామూలు బరువుతో తిరుగుతున్నప్పుడు 20 ఆంపియర్లు మాత్రమే తీసుకుంటుందనుకుందాం. 0.5 ఓమ్ గుండా 20 ఆంపియర్లు పోవడానికి 10 వోల్టులు చాలు. మిగిలిన 220 వోల్టులు ఏమయ్యాయి? వాటికి ఎదురుగా మోటారు తానే పుట్టించిన 220 వోల్టులు నిలబడి ఉన్నాయి.

ఈ లెక్కను చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఇంకొక్క అడుగు వేయాలి. ఆ వోల్టులన్నింటినీ 20 ఆంపియర్లతో గుణించండి. సరఫరా నుంచి వచ్చేది 4600 వాట్లు. నిరోధంలో వేడిగా పోయేది 200 వాట్లు. మిగిలిన 4400 వాట్లు బ్యాక్ ఈఎంఎఫ్‌కు ఎదురీదుతూ కరెంటు ఖర్చుపెట్టిన సామర్థ్యం, అంటే సెకనుకు అన్ని జౌళ్ల పని. ఆ 4400 వాట్లే ఇరుసు మీద యాంత్రిక సామర్థ్యంగా బయటికి వస్తాయి. బేరింగుల రాపిడికీ గాలికీ పోయే కొద్దిపాటిని పక్కన పెడితే నీళ్లు పైకెక్కించేది, పిండి రుబ్బేది, క్రేను కొక్కేన్ని ఎత్తేది అదే. కావిడి మోసేవాడి భుజం మీద బరువు లేకపోతే అతను చేసిన పనీ లేదు కదా. కరెంటు విషయమూ అంతే. ఎదురుగా ఒక వోల్టేజీ ఉంటేనే దాన్ని తోసుకుంటూ పోయే కరెంటు పని చేసినట్టు. విద్యుత్ శక్తి యాంత్రిక శక్తిగా మారే గుమ్మం బ్యాక్ ఈఎంఎఫే. ఆ గుమ్మం మూసేస్తే, అంటే ఇరుసు పట్టుకుంటే, లోపలికి వచ్చిన 460 ఆంపియర్లూ 230 వోల్టులూ కలిసి లక్ష వాట్లకు పైగా సామర్థ్యం మొత్తం వేడిగా మారుతుంది. ఆటోనగర్ మెకానిక్ చెప్పినది ఇదే.

మోటారు తన కరెంటును తానే సర్దుకోవడం కూడా దీనివల్లనే. బరువు పెరిగితే వేగం కాస్త తగ్గుతుంది, ఎదురు వోల్టేజీ తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, దానితో తిప్పే బలం పెరిగి కొత్త బరువుకు సరిపోతుంది. మనింట్లో మిక్సీలో పచ్చికొబ్బరి ముక్కలు ఎక్కువ వేసి నీళ్లు తక్కువ పోసినప్పుడు దాని చప్పుడు బరువెక్కడం, మరికాసేపటికి కమురు వాసన రావడం మీకు తెలుసు. అప్పుడు అడుగున ఉండే ఎర్ర బొత్తం తన్నుకుని బయటికి వచ్చి మిక్సీ ఆగిపోతుంది. బిగుసుకున్న బ్లేడు వల్ల ఎదురు వోల్టేజీ పడిపోయి కరెంటు హద్దు దాటిందని ఆ బొత్తానికి తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పైన చెప్పిన లెక్క అచ్చంగా డీసీ మోటారుది. నీళ్ల మోటారు, పాత రకం సీలింగు ఫ్యాను ఇండక్షన్ మోటార్లు. వాటిలో తిరిగే భాగానికి బయటినుంచి కరెంటు ఇవ్వరు, ట్రాన్స్‌ఫార్మరులో రెండో చుట్టలో పుట్టినట్టే దానిలోనూ ప్రేరణ వల్లే పుడుతుంది. బయటి చుట్టలు ఏర్పరిచే తిరిగే అయస్కాంత క్షేత్రం కన్నా రోటరు, అంటే ఆ తిరిగే భాగం, ఎంత వెనకబడితే అంత కరెంటు పుడుతుంది, పూర్తిగా ఆగి ఉంటే అత్యధికంగా పుడుతుంది, ఆ భారమంతా బయటి చుట్ట మీద పడుతుంది. వివరం వేరైనా ఫలితం ఒకటే: ఆగి ఉన్నప్పుడు తీసుకునే కరెంటు మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని తుడిచిపెట్టిన తర్వాత రోజుల తరబడి కరెంటు లేక అపార్ట్‌మెంట్లవాళ్లు అద్దె జనరేటర్లతో నీళ్లు ఎక్కించుకున్నారు. మోటారు మీద రాసి ఉన్న వాట్లకు సరిపోతుందని తెచ్చిన చిన్న జనరేటరు, స్విచ్ వేయగానే గుర్రుమని ఆగిపోవడం అప్పుడు చాలామంది చూశారు. తిరిగే మోటారుకు అది సరిపోయేదే. ఆగి ఉన్న మోటారును లేపడానికి చాలలేదు. పెద్ద మోటార్లకు, మొదట చుట్టలకు తక్కువ వోల్టేజీ అందించే స్టార్-డెల్టా స్టార్టర్లు పెట్టేది ఈ మొదటి కొన్ని సెకన్లను దాటించడానికే.

బ్యాక్ ఈఎంఎఫ్‌ను సరిగా అర్థం చేసుకోకపోవడం పిల్లలకే పరిమితమైన దోషం కాదు. మోటారు తొలి నిర్మాతలలో ఒకడైన యాకోబి, సరఫరా వోల్టేజీలో ఎదురు వోల్టేజీ సరిగ్గా సగం ఉన్నప్పుడు మోటారు నుంచి గరిష్ఠ సామర్థ్యం వస్తుందని లెక్కకట్టాడు. లెక్క సరైనదే. కానీ తర్వాతివాళ్లు చాలాకాలం దాన్ని గరిష్ఠ దక్షతకు, అంటే తీసుకున్న శక్తిలో పనిగా మారే వంతుకు, షరతుగా పొరపాటుపడి, కరెంటు మోటారు దక్షత యాభై శాతం దాటదని, కాబట్టి దానికి భవిష్యత్తు లేదని తీర్మానించుకున్నారు. మన మోటారునే తీసుకుంటే, ఎదురు వోల్టేజీ 115 ఉన్నప్పుడు కరెంటు 230 ఆంపియర్లు, ఇరుసుకు 26,450 వాట్లు, వేడికి మరో 26,450 వాట్లు. అలా నడిపితే మోటారు కొద్ది నిమిషాలలో రీవైండింగుకు వెళుతుంది. ఎదురు వోల్టేజీ సరఫరాకు ఎంత దగ్గరగా ఉంటే దక్షత అంత ఎక్కువ. మన లెక్కలో 230కి 220, అంటే 95 శాతం పైచిలుకు.

మోటారు, జనరేటరు ఒకే యంత్రమన్న సంగతి 1873 వియన్నా ప్రదర్శనలో గ్రామ్ అనే ఆయన రూపొందించిన యంత్రాలతో లోకానికి తేటతెల్లమైంది. ఒక యంత్రాన్ని ఇంజనుతో తిప్పి దాని తీగలను రెండోదానికి కలిపితే రెండోది తనంతట తాను తిరిగింది. ఆ సంగతికి సాక్ష్యం కోసం మనం వియన్నా వెళ్లనక్కరలేదు, బీచ్ రోడ్డుకు వెళితే చాలు. ఆర్కే బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి డీజిల్-ఎలక్ట్రిక్ పద్ధతిది. నీటి అడుగున ఉన్నప్పుడు బ్యాటరీలు మోటార్లను నడిపితే మోటార్లు ప్రొపెల్లర్లను తిప్పేవి. పైకి వచ్చినప్పుడు డీజిల్ ఇంజన్లు అవే యంత్రాలను తిప్పితే అవి జనరేటర్లై బ్యాటరీలను నింపేవి. ఎదురు వోల్టేజీ బ్యాటరీ కన్నా తక్కువైతే మోటారు, ఎక్కువైతే జనరేటరు. మధ్యలో ఉన్నది కొన్ని వోల్టుల తేడా. ఈసారి చూడటానికి వెళ్లినప్పుడు పిల్లలకు టార్పెడో గొట్టాలతో పాటు ఆ మోటారు గదిని కూడా చూపించమని మనవి.

మొదట్లో సందేహాలను చీటీల మీద రాసి పంపమన్నాను. వచ్చినవాటిలో ఒకటి చదువుతాను: "నిరోధం లేని ఆదర్శ తీగచుట్టకు బ్యాటరీ కలిపితే, అందులో పుట్టే బ్యాక్ ఈఎంఎఫ్ బ్యాటరీ వోల్టేజీకి సరిగ్గా సమానంగా, ఎదురుగా ఉంటుందని పుస్తకంలో ఉంది. సమానంగా ఉంటే కరెంటు అసలు ఎలా పోతుంది?" పేరు రాయలేదు, రాసి ఉంటే ముందుకు పిలిచి అభినందించేవాణ్ణి. చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు, నేనూ తడబడ్డాను.

ఇప్పటిదాకా చెప్పినది తిరగడం వల్ల పుట్టే ఎదురు వోల్టేజీ. ఈ చీటీలో అడిగినది దాని దగ్గరి చుట్టం. తీగచుట్ట గుండా పోయే కరెంటు తనచుట్టూ తానే అయస్కాంత క్షేత్రం ఏర్పరుస్తుంది. కరెంటు మారితే ఆ క్షేత్రమూ మారుతుంది. మారితే అదే చుట్టలో వోల్టేజీ పుడుతుంది. దీన్ని స్వయం ప్రేరణ అంటాం. అమెరికాలో జోసెఫ్ హెన్రీ దీని గురించి 1832లో ప్రకటించాడు, అందుకే ప్రేరకత్వానికి ఆయన పేరే ప్రమాణం.

ఇప్పుడు సమాధానం. 2 హెన్రీల చుట్ట, 12 వోల్టుల బ్యాటరీ, నిరోధం సున్నా. కరెంటు సెకనుకు 6 ఆంపియర్ల చొప్పున పెరుగుతుంది, ఎందుకంటే 2ను 6తో గుణిస్తేనే 12 వస్తుంది. పెరగడం ఆగిపోయిందనుకోండి, ఆ క్షణంలోనే ఎదురు వోల్టేజీ మాయమవుతుంది, బ్యాటరీ 12 వోల్టులకు ఎదురనేది ఉండదు, కాబట్టి కరెంటు మళ్లీ పెరగక తప్పదు. అంతకన్నా వేగంగా పెరగబోయిందనుకోండి, ఎదురు వోల్టేజీ 12 దాటి దాన్ని నిదానింపజేస్తుంది. అంటే ఎదురు వోల్టేజీ పెరుగుదలను ఆపడం లేదు. ఎంత వేగంతో పెరగాలో నిర్ణయిస్తున్నది. పెరుగుదల ఉంది కాబట్టే అది ఉంది; పెరుగుదలను పూర్తిగా చంపితే తానే చచ్చిపోతుంది. రెండూ సమానమైతే కరెంటు సున్నా కావాలన్న మన ఊహలో ఉన్న తప్పు ఎక్కడుందంటే, కరెంటు పోవడానికి నికరంగా ఏదో ఒక వోల్టేజీ మిగలాలని మనం ఓమ్ నియమం నుంచి అలవాటు చేసుకున్నాం. నిరోధం ఉన్నచోట ఆ మిగులు అవసరం, రాపిడి ఉన్నచోట బండిని తోస్తూనే ఉండాల్సినట్టు. నిరోధం లేనిచోట పోతున్న కరెంటు పోతూనే ఉండటానికి మిగులు ఏమీ అక్కరలేదు.

బ్యాటరీ ఇచ్చిన శక్తి ఏమైందని ఆ విద్యార్థి మరో చీటీ పంపుతాడేమో. కరెంటు 2 ఆంపియర్లకు చేరేసరికి ఆ చుట్ట అయస్కాంత క్షేత్రంలో 4 జౌళ్ల శక్తి నిలవ ఉంటుంది. మోటారులో ఎదురు వోల్టేజీకి ఎదురీదిన శక్తి ఇరుసుకు వెళ్లింది, ఇక్కడ క్షేత్రంలోకి వెళ్లింది.

నిలవ ఉన్నది బయటికి రావాలి కదా. ఆ 2 ఆంపియర్ల కరెంటును స్విచ్ తీసి వెయ్యో వంతు సెకనులో ఆపామనుకోండి. సెకనుకు 2000 ఆంపియర్ల చొప్పున తగ్గినట్టు. 2 హెన్రీలతో గుణిస్తే 4000 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీతో మొదలుపెట్టి 4000 వోల్టులు! ఈసారి దాని దిశ చూడండి: కరెంటు తగ్గుతున్నది కాబట్టి అది కరెంటుకు ఎదురుగా కాక, కరెంటు వైపే, దాన్ని పోనివ్వమన్నట్టు తోస్తుంది. ఈ వోల్టేజీ వ్యతిరేకించేది కరెంటును కాదు, మార్పును. ఆ 4000 వోల్టులు స్విచ్ మొనల మధ్య గాలిని చీల్చుకుని మెరుపులా దూకుతాయి. రిలే (విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్) చుట్టకు అడ్డంగా, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడును తిరగేసి పెట్టడం ఈ కరెంటుకు దారి చూపించడానికే. ఆ చవకైన డయోడు మరచిపోయి ఖరీదైన ట్రాన్సిస్టర్లను కాల్చుకున్న ప్రాజెక్టు విద్యార్థులు ప్రతి ఏటా ఉంటారు.

ఈ తన్నును కావాలని వాడుకున్న వస్తువు నిన్నమొన్నటిదాకా మన ప్రతి ఇంటి గోడ మీదా ఉండేది. పాత ట్యూబులైటు చోకూ స్టార్టరూ గుర్తున్నాయా? స్విచ్ వేస్తే స్టార్టరు లోపలి లోహపు పత్తీలు వేడెక్కి కలిసి, చోకు గుండా కరెంటు పోయి, ట్యూబు చివరలు ఎర్రబడేవి. పత్తీలు చల్లారి విడిపోగానే చోకు ఎదురుతిరిగి ట్యూబుకు ఒక్క తన్ను తన్నేది, లోపలి వాయువు వెలిగేది. తడబడుతూ మూడు నాలుగుసార్లు మిణుకుమని వెలిగే ట్యూబులో పత్తీలు ఏసీ తరంగంలో తప్పు క్షణంలో విడిపోయాయని అర్థం. చోకులో కరెంటు తక్కువున్నప్పుడు విడిపోతే తన్ను చాలదు. పెట్రోలు బండిలో స్పార్కు ప్లగ్గుకు వేల వోల్టులు అందించే ఇగ్నిషన్ కాయిల్‌దీ ఇదే కుటుంబం.

ఎదురు వోల్టేజీని వాడుకోవడంలో మన ఊరికి దగ్గరి ఉదాహరణ కిరండూల్ లైను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960 దశకంలో వేసిన ఆ లైను తూర్పు కనుమలను దాటుతూ శిమిలిగూడ దగ్గర దాదాపు 1000 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అరకు చూడటానికి వెళ్లేవాళ్లు సొరంగాలు లెక్కపెట్టుకుంటారు. నాకు మాత్రం ఎదురుగా నిండు బరువుతో దిగివచ్చే గూడ్సు బండి మీదే కన్ను. ఒక టన్ను ఖనిజం 1000 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి ఇంచుమించు 2.7 యూనిట్ల కరెంటుతో సమానం. బండి మొత్తం 3000 టన్నులనుకుంటే 8000 యూనిట్లు పైచిలుకు. ఇదంతా బ్రేకు దిమ్మల రాపిడిలోనే పోవాలంటే చక్రాలు ఎర్రగా కాలిపోతాయి. అందుకే దిగేటప్పుడు ఇంజనులోని మోటార్లకు సరఫరా తీసేసి, వాటిని చక్రాల చేత తిప్పిస్తారు. అవి జనరేటర్లుగా మారి, పుట్టిన కరెంటును పెద్ద నిరోధాలలోకి పంపి వేడిగా ఊదేస్తాయి. ఆ కరెంటే లెంజ్ నియమం ప్రకారం చక్రాలను పట్టి ఉంచుతుంది. కొత్త తరం త్రీ-ఫేజ్ ఇంజన్లలో ఆ కరెంటును వేడిగా పారేయకుండా 25 వేల వోల్టుల పైతీగకే తిరిగి పంపే ఏర్పాటు ఉంది; దిగే బండి ఎక్కే బండికి చేయూత ఇవ్వడమన్నమాట. మన రాగి గొట్టంలో మెల్లగా దిగిన అయస్కాంతానికీ, కనుమ దిగే ఖనిజపు బండికీ తేడా పరిమాణంలోనే.

జనరేటరు వైపు నుంచి కూడా ఒక్క మాట. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 500 మెగావాట్ల జనరేటర్లు నిమిషానికి 3000 సార్లు తిరుగుతాయి. మే నెల రాత్రి ఊరంతా ఏసీలు వేసుకున్నప్పుడు అక్కడి ఇరుసుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? జనరేటరులో కరెంటు పెరిగితే, ఆ కరెంటు మీద పనిచేసే అయస్కాంత బలం ఇరుసును వెనక్కి తిప్పబోతుంది. గ్రిడ్డులోని యంత్రాలన్నీ రవ్వంత నెమ్మదించబోతే, వేగాన్ని అదుపుచేసే గవర్నరు అనే పరికరం ఆవిరి కవాటాన్ని మరికాస్త తెరుస్తుంది, బొగ్గు మరికాస్త కాలుతుంది. మోటారులో ఎదురు వోల్టేజీ ఎలాగో, జనరేటరులో ఎదురు తిప్పుడు అలాగ. అది లేకపోతే బొగ్గు కాల్చకుండానే ఊరికి వెలుగు ఇవ్వవచ్చు, మళ్లీ ఆ ఋణగుర్తే ఒప్పుకోదు.

ఈమధ్య అందరూ కొంటున్న బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ) ఫ్యాన్ల గురించి కూడా చీటీ వచ్చింది, క్లుప్తంగా చెబుతాను. మామూలు డీసీ మోటారులో తిరిగే చుట్టకు కరెంటు అందించే బ్రష్షులు వాటిలో ఉండవు. రోటరు అయస్కాంతాలు ఏ స్థానంలో ఉన్నాయో తెలిస్తేనే సర్క్యూట్ సరైన చుట్టకు సరైన క్షణంలో కరెంటు ఇవ్వగలదు. చాలా రకాలలో ఆ స్థానాన్ని తెలిపేది, ఆ క్షణాన కరెంటు ఇవ్వని చుట్టలో పుట్టే ఎదురు వోల్టేజీయే. ఆగి ఉన్న ఫ్యానులో ఆ వోల్టేజీ ఉండదు గనుక స్విచ్ వేయగానే అది మొదట కాస్త అటూ ఇటూ తడుముకుని ఆ తర్వాత వేగం అందుకుంటుంది. మీ ఇంట్లో ఫ్యాను అలా చేస్తే పాడైందని కంగారుపడకండి.

చివరిగా పిల్లలు ముందుకు రావాలి. ఈ మోటారుకు బ్యాటరీ తీసేశాను. తీగలు రెండూ విడిగా ఉన్నాయి; ఇరుసు తిప్పి చూడు బాబూ... తేలికగా తిరుగుతున్నది కదా. ఇప్పుడు ఈ రెండు తీగల కొనలను ఒకదానికొకటి కలిపి పట్టుకుంటున్నాను. మళ్లీ తిప్పు. బరువెక్కింది కదా? లోపల ఏదీ మారలేదు, బ్రేకు ఏదీ వేయలేదు. నువ్వు తిప్పితే పుట్టిన కరెంటుకు ఇప్పుడు దారి దొరికింది, అది నీ వేళ్లనే వెనక్కి నెడుతున్నది. వెనక ఉన్నవాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి తిప్పి చూడండి, తొందరేమీ లేదు, గ్రంథాలయం మూసేదాకా నేను ఇక్కడే ఉంటాను.